కోతకు ముందు నీళ్లు

నల్లగుండ్ల,
చిలమత్తూరు మండలం.
అక్టోబరు 9.

నాగూకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. అందరం అనడానికి ఎవరున్నారు? పొద్దున ఏడింటికి కుళ్లాయప్ప తోట పనికి వస్తాడు, సాయంత్రం అయిదుకు వెళ్లిపోతాడు. ఆ తర్వాత నేనూ, దేవుడి గూట్లో దీపమూ. ఆయన పోయి ఈ కార్తీకానికి రెండేళ్లు. క్షేమం అంటే నా ఒక్కదానిదే అనుకో.

నీ చెవులు పోయిన తర్వాత ఫోనుతో మనకు పని లేకుండా పోయింది. పదో తరగతిలో నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నట్టు మళ్లీ రాసుకుంటున్నాం. ఊళ్లో కనపడినవాళ్లు నన్ను బోరులో నీళ్ల గురించి అడుగుతారు. నేనెలా ఉన్నానని అడిగేది నువ్వొక్కదానివే. పోస్టు తెచ్చే శివప్ప బండి చప్పుడు వినపడితే చేస్తున్న పని వదిలేసి గేటు దాకా పోతాను. అతని చేతిలో నీ ఉత్తరం లేకపోతే ఆ రోజు నేను మనిషితో మాట్లాడనట్టే.

ఈ వారం తీగలు కత్తిరించారు. ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో కొమ్మ కోసం ఒకటి, ఇప్పుడు కాయ కోసం ఒకటి. పచ్చటి ఆకంతా తీసేసి వేలంత పుల్లలు మిగిలిస్తారు. మొదటి ఏడు ఆయన కత్తెర పట్టుకుంటే నేను అక్కడ నిలబడలేక ఇంట్లోకి వచ్చేశాను. వాన లేక చేలు ఎండిపోవడం చూసిన కళ్లు కదా, బతికున్న ఆకును మన చేత్తోనే రాల్చడం పాపమనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కుళ్లాయప్ప నవ్వుతాడు. "కోసేకొద్దీ దీనికి బుద్ధొస్తాదక్కా. మనకే రాదు" అంటాడు.

కోసిన చోట నీరు బొట్లు బొట్లుగా కారుతుంది. మా నేల నీకు తెలుసు కదా, ఎర్రమట్టి జానెడు, కిందంతా గుండ్లు. ఆ రాళ్లలో దానికి అంత నీరు ఎక్కడ దొరుకుతుందో.

మా కాయ ఎలా ఉంటుందని అడిగావు. అంగట్లో అమ్మే రకం కాదు. సెనగ గింజకన్నా కాస్త పెద్దది. నల్లగా ఉంటుంది, తోలు మందం, లోపలంతా గింజలు. పిల్లలు నోట్లో వేసుకుని ఉమ్మేస్తారు. రసం ఫ్యాక్టరీ వాళ్లే తీసుకుంటారు, మొదటి కోత నుంచీ వాళ్లకే. మాఘంలో కోత. ఆ వేళకు నువ్వొచ్చి నాలుగు రోజులుంటే బాగుండు.

నీ సుబ్బు.

—

గార్లదిన్నె,
నవంబరు 2.

సుబ్బూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా తమ్ముడు అశోక్ చదివి, సుబ్బక్క అక్షరాలు ఇంకా ముత్యాల్లా ఉన్నాయన్నాడు. కాగితం మీద రాసి చూపించాడులే, వాడి అక్షరాలు చీమలు పారినట్టుంటాయి.

చెవులు లేకపోవడంలో ఒక సుఖం ఉంది. మరదలు గొణిగినప్పుడు నవ్వి తలూపుతాను. పొగిడిందనుకుంటున్నానని ఆమెకు ఒళ్లు మంట. పగలంతా అశోక్ కిరాణా అంగట్లో కూర్చుని పప్పులు పొట్లాలు కడతాను. వచ్చినవాళ్లు వేళ్లు చూపిస్తారు, అరకిలో, కిలో అని. రోజంతా నా చుట్టూ నోళ్లు కదులుతుంటాయి. చేపల తొట్టి ముందు కూర్చున్నట్టుంటుంది నాకు. సాయంత్రానికి నా గొంతు ఎలా ఉండేదో కూడా మరిచిపోతున్నాను.

మీ ఆయనకు రెండేళ్లంటే మా ఆయనకు అయిదు. ఆయన సీసాలు దాచుకున్న బీరువాను ఎన్నిసార్లు కడిగినా ఆ మందు వాసన పోలేదు. చివరికి బీరువానే ఎవరికో ఇచ్చేశాను. ఇక్కడ బస్టాండు పక్కన మందు అంగడి ఉంది. గుడికి దగ్గర దారి అదే, అయినా నేను పెద్ద వీధి చుట్టి వెళ్తాను. ఆ సీసాలు నింపేవాళ్లు కూడా సాయంత్రం ఇంటికి పోయి దీపం పెడతారు కదా, ఏ ముఖంతో పెడతారో అనుకుంటాను.

ఇక అసలు సంగతి. మీ ఫ్యాక్టరీ రసం పేరేమిటి? ఎండాకాలానికి అంగట్లో పెడతానంటున్నాడు అశోక్. మా అక్క స్నేహితురాలి తోటది అని చెప్పి అమ్ముతాడట. ఈసారి ఉత్తరంలో పేరు రాయి. కోతకు రమ్మన్నావు, చూస్తాను. రాలేకపోతే ఒక గుత్తి పంపు. మా వాసవమ్మ పటం ముందు పెట్టుకుంటాను. పుల్లగా ఉన్నా ఆమె ఏమనుకోదు.

నాగు.

—

నల్లగుండ్ల,
జనవరి 17.

నాగూకి,

ఇన్నాళ్లు రాయనందుకు కోప్పడకు. కాయ రంగు తిరిగే రోజులు, పిట్టల కాపలా. మధ్యలో ఒకరోజు ఫ్యాక్టరీ చూసి వచ్చాను. వాళ్ల తరఫున తోటలు చూసే అమ్మాయి ప్రసూన, మన హిందూపురం పిల్లే, వ్యవసాయం చదివింది. ఇన్నేళ్లుగా కాయ ఇస్తున్నారు, ఒక్కసారైనా లోపలికి రాలేదని బలవంతాన జీపెక్కించింది.

కొండ పక్కన రాతి కట్టడం. బయట ఎండ చురుక్కుమంటుంటే లోపల గర్భగుడిలా చల్లగా ఉంది. చెప్పులు విడవబోయాను. ప్రసూన నవ్వి వద్దంది. ఇద్దరు మనుషుల ఎత్తు స్టీలు తొట్లు వరసగా నిలబెట్టారు. కాయను తొక్కతో సహా నలిపి అందులో పోస్తారట. నల్లకాయైనా రసం తెల్లగానే ఉంటుందట. తొక్కతో కలిసి నానితేనే ఎరుపు దిగుతుంది. తొక్క పైకి తేలుతుంటుంది, రోజుకు మూడుసార్లు కర్రతో లోపలికి అదమాలి. ఆ తర్వాత చెక్క పీపాల్లోకి మార్చి ఏడాది, కొన్నిటిని రెండేళ్లు కదిలించకుండా ఉంచుతారు. పీపాల గదిలో అడుగు పెడితే మన మాటే మనకు గట్టిగా వినపడుతుంది. ఒక పీపా మీద సుద్దతో మా ఊరి పేరు రాసి ఉంది. ఆయన ఉండి చూసి ఉంటే బాగుండేదనిపించింది.

ప్రసూన అన్న ఒక మాట నీకు చెప్పాలి. నీళ్లు బాగా పారే నేలలో కాయ పెద్దదవుతుంది గానీ రుచి పలచన అట. "మీ నేల దీన్ని దప్పికతో పెంచినాదమ్మా. పగలంతా ఎండ, తెల్లారుజామున చలి, కింద రాయి. అందుకే తొక్క ఇంత మందం, ఇంత రంగు. నీళ్లుండే ఊర్లో ఎంత పెట్టినా ఈ రుచి రాదు" అంది. పుట్టినప్పటినుంచి ఈ నేలను తిట్టేవాళ్లనే చూశాను. మా నాయన తిట్టాడు, ఆయన తిట్టాడు, ప్రభుత్వం వాళ్లు కాగితాల మీద తిట్టారు. ఇంట్లో ఎవరికీ పనికిరాని పిల్లను పైవాళ్లెవరో మెచ్చుకున్నట్టు అనిపించింది.

కోతకు ముందు పదిహేను రోజులు నీళ్లు పూర్తిగా ఆపేయమన్నారు. అప్పుడే తీపి గట్టిపడుతుంది. ఈ నెలాఖరు నుంచి ఆపాలి. ఏటా ఆయన ఆపేవాడు, నేను ఆ రోజుల్లో తోట వైపు పోయేదాన్ని కాదు. ఆయన పోయాక రెండు కోతలకూ కుళ్లాయప్ప చూసుకున్నాడు. ఈసారి అతను కూతురి కాన్పుకు కదిరి పోతున్నాడు, వాల్వు నా చేతికి ఇచ్చాడు.

అశోక్‌కు చెప్పు, ఆ సరుకు మన వైపు అంగళ్లకు రాదట. అంతా బెంగళూరుకే.

నీ సుబ్బు.

—

గార్లదిన్నె,
జనవరి 30.

సుబ్బరత్నమ్మకు,

నేను కిరాణా అంగడి ఇంట్లో పుట్టాను, కిరాణా అంగడి ఇంటికే కోడలినయ్యాను. చెక్క పీపాలో రెండేళ్లు ఉంచిన ద్రాక్షరసాన్ని ఏమంటారో నాకు తెలియదనుకున్నావా? పాపం, నువ్వు అబద్ధం కూడా సరిగ్గా ఆడలేవు. ఒక్క మాట దాచి మిగతాదంతా రాశావు.

ఆరేళ్లు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడూ రసమే అన్నావు. ఆయన పోయినప్పుడు మైలరోజుల్లో నా పక్కన పడుకుని, తోట గురించి నేను అడిగితే అప్పుడూ రసమే అన్నావు.

అవునో కాదో ఒక్క మాట రాయి. మిగతా వర్ణన వద్దు.

నాగరత్నమ్మ.

—

నల్లగుండ్ల,
ఫిబ్రవరి 12.

నాగూ,

అవును. అది వైన్ తయారుచేసే చోటు. మా కాయ ఒక్కటి కూడా ఇంకోదానికి పోదు.

మిగతాది వద్దన్నావు. అయినా రాస్తున్నాను, చదవకపోయినా సరే.

ఆరేళ్ల కిందట తొమ్మిదో బోరు కూడా దుమ్మే పోసింది. వరసగా రెండేళ్లు చెనిక్కాయ పంట మొలిచి మాడిపోయింది. ఆయన ఒకరోజు ఆ కంపెనీ కాగితంతో వచ్చాడు. తాగేదానికా అని అడిగాను. "తాగేదానికే. నేను తాగను, నువ్వు తాగవు. మన ద్రాక్ష లేకపోతే తాగేటోళ్లు మానుకుంటారా సుబ్బా?" అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ నా చెవిలోనే ఉంది. ఆ వారమే మీ ఆయన్ని, గోపాలయ్యన్నను, ఆస్పత్రిలో చేర్చారని నువ్వు ఏడుస్తూ ఫోను చేశావు. మీరేం పంట పెడుతున్నారని నువ్వే అడిగావు. నా నోటికి రసం అని వచ్చింది. ఒకసారి వచ్చిన మాటను మళ్లీ వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు. నువ్వు నాతో మాట్లాడడం మానేస్తావని భయం. అంతకన్నా వేరే కారణం లేదు.

నీకే కాదు, స్వామికీ దాచాను. ఏ పంటైనా మొదటిది ఆంజనేయస్వామికి పెట్టకుండా మా ఇంట్లో నోట వేసుకోం. ఈ ఆరేళ్లలో ఒక్క గుత్తి పెట్టలేదు. తోట పెట్టినావు, స్వామికి ఏమీ తేవేమమ్మా అని పూజారి అడిగితే, కాయ పులుపు స్వామీ అని కొబ్బరికాయ కొట్టి వచ్చేదాన్ని.

ఇప్పుడు జరిగింది చెప్తాను. నీ ఉత్తరం ఈ నెల అయిదున వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు. గేటు దగ్గరే చదివాను. చదువుతూ చదువుతూ తోటలోకి నడిచాను. నీళ్లు ఆపి అప్పటికి ఎనిమిది రోజులు. ఆకుల అంచులు మాడి లోపలికి ముడుచుకున్నాయి. గుత్తుల కింద నేల బీటలు. తోట కోసం వేసిన పదో బోరులో నీళ్లున్నాయి, వాల్వు నా చేతి దగ్గరే ఉంది. నీళ్లు లేక ఎండితే దేవుడిమీద వేస్తాం. ఉండీ పోయకపోతే ఎవరిమీద వేయాలి? తిప్పేశాను. పొద్దు కుంకేదాకా పారింది. నేను గట్టున కూర్చుని చూస్తూ ఉన్నాను. ఆ సాయంత్రం అంత మనశ్శాంతిగా నేను ఈ రెండేళ్లలో లేను.

మర్నాడు కుళ్లాయప్ప కదిరి నుంచి వచ్చాడు. మట్టి తొక్కి చూశాడు.

"నీళ్లు ఇడిసినావా అక్కా?"

"ఇడిసినాను."

"ఎందుకక్కా?"

"దప్పికైనట్టుండాది కుళ్లాయప్పా."

అతను ఒక గుండు మీద కూర్చుని తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

మూడో రోజుకు తూర్పు వైపంతా కాయలు పగిలాయి. ఎండి ఉన్న కాయకు ఒక్కసారిగా నీళ్లందితే తోలు తట్టుకోదట. ప్రసూన వచ్చి ఒక్కో వరసలో కాయ నలిపి, గొట్టంలో అద్దంలాంటిది కన్నుకు పెట్టుకుని తీపి చూసింది. పడిపోయింది. కసురుకుంటుందనుకున్నాను. "అమ్మా, మీ తోట కాయకు ఈ ఏడు విడిగా మీ ఊరి పేరుతోనే సీసా వేయాలనుకున్నాం" అని మెల్లగా చెప్పి జీపెక్కింది. తూర్పు వైపు కాయ వాళ్లకు వద్దు. పడమటి వైపు గట్టు ఎత్తు, నీళ్లు సరిగ్గా అందలేదు. అది తీసుకుంటారు.

వైన్ చెడిపోవాలనే నీళ్లు వదిలినానని కుళ్లాయప్ప అనుకుంటున్నాడు. జాలితో చేశానా, నీ ఉత్తరం చూసి భయంతో చేశానా అని పూజలో కూర్చుని నన్ను నేనే అడిగాను. నాకు తెలియలేదు నాగూ.

ఎండాకాలం కత్తిరింపు రాబోతోంది. ఉంచేదైతే అప్పటికి కంపెనీ కాగితం మీద మళ్లీ సంతకం పెట్టాలి. నువ్వు వద్దంటే తీగలన్నీ పీకించేస్తాను. కొర్రలు చల్లుకుంటాను, పండితే పండుతాయి. నువ్వు మాత్రం రాయడం మానకు.

సుబ్బు.

—

నల్లగుండ్ల,
మార్చి 15.

నాగూకి,

నెల దాటింది. ఉత్తరం అందలేదేమో అనుకుని మళ్లీ రాస్తున్నాను. అందిందని నాకు తెలుసు.

పడమటి వైపు కోత అయింది. పదిమంది ఆడవాళ్లు వచ్చారు, తెల్లవారి చలి ఉండగానే కోసి, ఎండ ముదరకముందే లారీ ఎక్కించారు. రెండు రోజులు తోటంతా మాటలే. మూడో రోజు నుంచి మళ్లీ ఎవరూ లేరు. తూర్పు వైపు కాయను గోరింకలు తింటున్నాయి.

కోత మొదలైన రోజు ఒక గుత్తి పళ్లెంలో పెట్టుకుని గుడికి పోయాను. ఇది వైన్‌కు పోయే కాయ స్వామీ, ఇన్నేళ్లు మీకు చెప్పలేదు అన్నాను. పూజారి పళ్లెం అందుకోలేదు. లోపలికి వద్దు, గడప బయట పెట్టి పొమ్మన్నాడు. పెట్టి వచ్చాను. స్వామికి చేరిందో, చీమలకు చేరిందో.

శివప్ప ఇప్పుడు గేటు ముందు బండి ఆపడం లేదు. నేను నిలబడి ఉండడం చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. నిన్న మాత్రం ఆగాడు. "ఏమీ లేదమ్మా. రేపు కూడా నిలబడొద్దు, రేపు ఆదివారం" అన్నాడు.

సుబ్బు.

—

గార్లదిన్నె,
మార్చి 27.

సుబ్బూ,

నీ పెద్ద ఉత్తరంలో వాల్వు తిప్పిన చోటు దాకా చదివి కాగితం మడిచేశాను. బియ్యం డబ్బాలో పెట్టాను. నెలన్నర ఆ డబ్బా ముట్టుకోలేదు, మరదలే బియ్యం తీసేది. నిన్న తీసి మిగతాదంతా చదివాను. నీ మీద కోపమని నువ్వు అనుకొని ఉంటావు. మొదటి రెండు రోజులు కోపమే. తర్వాత కాదు.

ఆఖరి పద్నాలుగు నెలలు మా ఆయన మంచం దిగలేదు. నీకు తెలుసు, వచ్చి చూశావు. మంచం దిగని మనిషికి సీసా ఎవరు తెచ్చి ఇచ్చారని నువ్వు అడగలేదు. మా వాళ్లెవరూ అడగలేదు. డాక్టరు ఒక్కడే అడిగాడు. ఎవరో స్నేహితులు తెస్తారండీ అన్నాను.

నేనే తెచ్చాను. కూరగాయల సంచిలో అడుగున పెట్టి, పైన కొత్తిమీర పరిచి. పొద్దునంతా తేకూడదనే ఉండేదాన్ని. నాలుగు గంటలయ్యేసరికి ఆయన చేతులు వణికేవి. నాలుక తడారి మాట ముద్దయ్యేది. "నాగరత్నా, ఒక్క గుక్కే. ఇదొక్కటే" అనేవాడు. ఆ కళ్లను చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. చెప్పులేసుకుని వెళ్లేదాన్ని. తాగి పడుకున్నాక నాకు ఎంత శాంతిగా ఉండేదో! నువ్వు గట్టున కూర్చున్న సంగతి చదివినప్పుడు అందుకే కాగితం మడిచేశాను.

ఆ అంగడి ముందు నుంచి వెళ్లనని రాశాను కదా. వాసనకు కాదు. అంగడివాడు నన్ను గుర్తుపడతాడు. ఇప్పటికీ కనపడితే మర్యాదగా తలూపుతాడు.

మనిద్దరం ఒకటే పని చేశామని మాత్రం అనుకోకు. నీ తీగలు బతికే ఉన్నాయి.

ఆరేళ్లు నువ్వు నాకు అబద్ధం చెప్పావని అంత గొంతెత్తి రాశాను. నేను నీకు ఏమీ చెప్పకుండానే అబద్ధమాడాను. ఇది అశోక్‌కు కూడా తెలియదు. చదివాక చించెయ్యి. వద్దులే, ఉంచుకో.

తీగలు పీకుతావో, ఉంచుతావో నీ ఇష్టం. నా పేరు చెప్పి పీకొద్దు, అదొకటి నా నెత్తిన వేయకు. సీసాలు నింపేవాళ్లు దీపం ఏ ముఖంతో పెడతారని అడిగినదాన్ని నేనే. కొనుక్కొచ్చినదాన్ని కూడా నేనే, రోజూ పెట్టాను దీపం.

నాకు నిన్ను చూడాలని ఉంది. ఒక్కదాన్నే వస్తాను. అశోక్ వద్దంటున్నాడు, కండక్టరు అరిచేది వినపడక యాడో దిగిపోతావని. చివరికి హిందూపురం దాకా ఎవరినైనా తోడు పంపుతానన్నాడు. అక్కడినుంచి ఎక్కడ దిగాలో పెద్ద అక్షరాలతో కాగితం రాసి పంపు. వచ్చి ఏం మాట్లాడుకుంటామో తెలియదు. నువ్వు మాట్లాడినా నాకు వినపడదు. ఊరికే పక్కన కూర్చుంటాను.

నాగు.

—

నల్లగుండ్ల,
ఏప్రిల్ 4.

నాగూ,

నీ ఉత్తరం అందింది. దాని గురించి కాగితం మీద ఏమీ రాయను. నువ్వొచ్చాక నీ చెయ్యి పట్టుకుంటాను.

తీగలు పీకడం లేదు. సంతకం పెట్టాను. సోమవారం నుంచి కత్తిరింపు. వచ్చే ఏడు వాల్వు దగ్గరికి నన్ను రానివ్వనని కుళ్లాయప్ప కచ్చితంగా చెప్పేశాడు, సరే అన్నాను.

నువ్వడిగిన కాగితం ఇది.

*హిందూపురం – చిలమత్తూరు బస్సు కండక్టరు గారికి,*

*ఈ కాగితం చూపించిన ఆమె పేరు నాగరత్నమ్మ. చెవులు వినపడవు. పిలిస్తే పలకలేదని విసుక్కోకండి, భుజం తట్టి చెప్పండి. ఆమెను నల్లగుండ్ల క్రాస్‌లో దించాలి. అక్కడ బోర్డు లేదు, షెడ్డు లేదు, ఎడమ చేతి వైపు గుండ్లు, వాటి వెనక ద్రాక్ష తోట. ఏ రోజు బయలుదేరేదీ ఆమె నాకు రాయలేదు. కాబట్టి ఈ సోమవారం నుంచి, పొద్దున మొదటి బస్సు మొదలుకొని ఆఖరి బస్సు దాకా, నేను అక్కడే నిలబడి ఉంటాను.*

*సుబ్బరత్నమ్మ*